ప్రేమ పుస్తకాలల్ల మన వాడ ఎక్కడ?

(న్యాల్‌కల్‌లో ఒక ఆదివారం సాయంత్రం వాడ జనం, చుట్టుపక్కల ఊర్ల కార్యకర్తలు కూడిన చోట ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



పొద్దున మా కాక అడిగిండు, ఇయ్యాల ఏం మాట్లాడుతవు బిడ్డా అని. ప్రేమ గురించి కాకా అన్న. సరిగ్గ ఇనబడలేదనుకొని మళ్లా అడిగిండు. మళ్లా అదే చెప్పిన. "భూమి లేదు, కూలి గిట్టుబాటు లేదు, నువ్వు ప్రేమ అంటవా? దానికి సిన్మాలు లేవా?" అన్నడు. ఆడమనిషి మైకు పట్టుకొని ఈ మాట ఎత్తుడు ఆయనకు మరీ సిగ్గనిపించింది. కాక ఇక్కడనే ఉన్నడు, ఎనుక వేపచెట్టు కింద. కాకా, నీ మాటకే నేను జవాబు చెప్తున్న అనుకో.

2018 సెప్టెంబరు 14 నాడు మిర్యాలగూడల ఏం జరిగిందో మీకు ఎరికే. దవాఖాన ముంగట, కడుపుతో ఉన్న భార్య పక్కన నడుస్తుండంగ, ఒక దళిత పిల్లగాణ్ని నరికి చంపిన్రు. పెద్దకులం పిల్లను పెండ్లి చేసుకున్నడు, అదే ఆయన తప్పు. ఆయన పేరుకు అర్థమే ప్రేమ. తీర్పు రావడానికి ఆరేండ్లు దాటింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. భూమి అడిగితే కొడతరు. బాయిల నీళ్లు తోడితే కొడతరు. ప్రేమిస్తే పైసలిచ్చి మనిషిని పెట్టి చంపుతరు. మరి ప్రేమ భూమికన్న చిన్న ముచ్చట ఎట్లయితది?

బాబాసాహెబ్ ఈ సంగతి 1916లనే చెప్పిండు. అప్పుడాయనకు ఇరవై ఐదేండ్లు. న్యూయార్క్‌ల కొలంబియా యూనివర్సిటీల చదువుతున్నడు. అక్కడ ఒక క్లాసుల కులం మీద పేపరు చదివిండు. కులానికి పానం ఎక్కడున్నదని చూస్తే, అంటు కాదు, తిండి కాదు, కులం లోపలనే పెండ్లి చేసుకునుడుల ఉన్నది అన్నడు. ఆయన లెక్క ఎట్లున్నదో చూడండి. ఒక కులంల ఆడోళ్లు మగోళ్లు సమానంగ ఉంటేనే బయటికి పోకుండ ఆపవచ్చు. మొగుడు చస్తే పెండ్లం మిగిలిపోతది. మిగిలిన ఆడది కులం దాటి మనసు పడితే? అందుకని ఆమెను మొగనితోని కాలబెట్టాలె, లేకుంటే గుండు కొట్టి మూలకు కూసోబెట్టాలె. పెండ్లం చచ్చిన మగోనికి ఈడుపిల్ల దొరకదు, అందుకని పసిపిల్లను కట్టబెట్టాలె. సతి, విధవ బతుకు, బాల్యవివాహం, మూడూ కులానికి కట్టిన కంచె గుంజలు. ఇరవై ఏండ్లకు, 1936ల, లాహోర్ సభ కోసం రాసిన ప్రసంగంల కులం పోవాలంటే కులం దాటిన పెండ్లిళ్లే అసలు మందు అన్నడు. ఆ సభను పిలిచినోళ్లే రద్దు చేసిండ్రు, ప్రసంగం చేయనియ్యలేదు. ఆయన అచ్చేసి పంచిండు.

కులం నిలబడ్డదే పెండ్లి మీద, మనసు మీద కాపలా మీద అయితే, ఎవరు ఎవర్ని కోరుకోవచ్చు, ఎవరు కాదనవచ్చు అని చెప్పే పుస్తకాలు ఉత్త అందం కోసం రాసినయి కావు. వాటిని మనం కూడ సదవాలె. నాకు ఈ పిచ్చి ఇంటర్‌ల పట్టింది. మా తెలుగు సారు వరూధిని అందం వర్ణించే పద్యం చెప్తున్నడు. మంచిగ చెప్తడు, అబద్ధమాడొద్దు. క్లాసంతా నవ్వులు. ఆ రోజు మా అవ్వ చెరుకు నరకను పోయింది, చేతులు కోసుకపోయి ఇంటికొస్తదని నాకు తెలుసు. నేను లేచి అడిగిన, సార్, మా అసువంటోళ్ల మీద ప్రేమ కావ్యం ఏమన్న ఉన్నదా అని. సారు నవ్వి, మీ దగ్గర పాటలుంటయి గాని కావ్యాలెక్కడియి అన్నడు. అందరూ నవ్విన్రు. నేను కూడ నవ్విన, ఏం చేస్త. తర్వాత ముప్పై ఏండ్ల సంది దొరికింది దొరికినట్టు సదువుతున్న.

మన జిల్లాల సంగారెడ్డి అవతల కొండాపూర్ ఉన్నది. 1940ల మొదట్ల నిజాం సర్కారు పురావస్తు శాఖ అక్కడి దిబ్బ తవ్వించింది. శాతవాహనుల కాలం ఊరు బయటపడ్డది. మట్టి బొమ్మలు, పూసలు, కుప్పల కొద్ది నాణేలు. అండ్ల ఒక బంగారు నాణెం రోము చక్రవర్తి అగస్టస్‌ది. మన మెదక్ మట్టిల రోము బంగారం! ఎట్లొచ్చింది? మన దక్కను బట్ట, పూసలు ఎడ్లబండ్ల మీద సముద్రం దాక పోయి ఓడలెక్కినయి. ప్లినీ అనే రోము పెద్దమనిషి ఏడ్చిండు, ఏటేటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియాకే పోతున్నయని. వాళ్ల నాణెం పేరు అది. ఆ బట్ట నేసిందెవరు, దూది ఏరిందెవరు అని ప్లినీ రాయలేదు.

ఆ నాణెం మీది అగస్టస్ ఏం చేసిండో వినండి. క్రీస్తుకు పూర్వం 18ల పెండ్లిళ్ల మీద చట్టాలు తెచ్చిండు. పెండ్లయిన ఆడది తప్పు చేస్తే రాజ్యం శిక్షిస్తది. సెనేటరు కుటుంబపోళ్లు బానిసగ ఉండి విడుదలైనోళ్లను పెండ్లి చేసుకోవద్దు, నాటకాలాడేటోళ్లను చేసుకోవద్దు. విన్నట్టే ఉన్నది గదా. బానిసలకైతే చట్టంల పెండ్లి అన్నదే లేదు. ఇద్దరు కలిసి ఉన్నా అది పెండ్లి కాదు, పుట్టిన పిల్లలు యజమాని సొత్తు. ఇంకా వెనకకు పోతే, క్రీస్తుకు పూర్వం 450 ప్రాంతంల రోముల పెద్దోళ్లకు సామాన్య జనానికి మధ్య పెండ్లి జరగొద్దని శాసనమే రాసుకున్నరు. సామాన్యులు కొట్లాడి 445ల అది ఎత్తేయించిండ్రు. ఐదేండ్లే పట్టింది. మన దేశంల హిందువుల కులాంతర పెండ్లి ఏదైనా చెల్లుతది అని చట్టం ఎప్పుడొచ్చింది? 1949ల.

అదే అగస్టస్ కాలంల ఓవిడ్ అనే కవి ఉండె. ప్రేమించే కళ నేర్పుత అని పుస్తకమే రాసిండు. క్రీ.శ. 8ల అగస్టస్ ఆయన్ను దేశం దాటగొట్టిండు, నల్ల సముద్రం ఒడ్డున తోమిస్ అనే ఊరికి. ఒక పద్యం, ఒక పొరపాటు తనను ముంచినయి అని ఓవిడే రాసుకున్నడు. మళ్లా ఇంటి ముఖం చూడలేదు, అక్కడనే సచ్చిండు. అందుకని లోకం ఆయన్ను ప్రేమ కోసం కష్టపడ్డ కవి అంటది. నాకూ జాలే. కానీ ఆయనవే రెండు పద్యాలున్నయి. పక్కపక్కన ఉంటయి.

కొరిన్నా అనే ఆమె కవికి ప్రియురాలు. ఆమె తల దువ్వే బానిస పిల్ల సిపాసిస్. కవికీ ఆ పిల్లకూ ఏదో ఉన్నదని కొరిన్నాకు అనుమానం వస్తది. మొదటి పద్యంల కవి ఒట్లు పెట్టుకుంటడు: నా అసువంటోడు బానిసను ముడతడా, కొరడా వాతలు తేలిన వీపును కౌగిలించుకుంటడా అని. పేజీ తిప్పుతే రెండో పద్యం. ఇప్పుడు ఆ సిపాసిస్‌తోనే మాట్లాడుతున్నడు. మన సంగతి ఆమెకు ఎట్ల తెలిసె అంటడు. నేను అబద్ధమాడి నిన్ను కాపాడిన గదా, ఇయ్యాల నా దగ్గరికొచ్చి ఆ బాకీ తీర్చు అంటడు. ఆ పిల్ల తల అడ్డం ఊపుతది. ఆ ఒక్క సంగతి పద్యంల ఉన్నది. అప్పుడు కవి ఏమంటడు? కాదంటే నేనే పోయి నీ దొరసానికి అన్నీ చెప్త, ఎక్కడ కలుసుకున్నమో, ఎన్నిసార్లో కూడ చెప్త అంటడు. అక్కడికి పద్యం అయిపోయింది.

చెప్తే ఏమయితది? కవికి తిట్లు పడతయి. ఆ పిల్లకు కొరడా.

రెండు వేల ఏండ్ల కిందటి బానిస పిల్ల చెప్పిన "వద్దు" మనకు ఇట్ల దొరికింది. నోటి మాట లేదు, తల ఊపు ఒక్కటే. ఆమె నల్లది అని కూడ కవి రాసిండు. పండితులు ఈ రెండు పద్యాలు చాన తమాషగ ఉంటయంటరు. మనకు ఎందుకు తమాష అనిపియ్యదో ఇక్కడ కూసున్న అవ్వలకు చెప్పే పని లేదు. గడీలల్ల ఆడబాపలు ఉండె. దొరసాని పెండ్లయి అత్తగారింటికి పోతే చీరెసారెతోని పాటు ఒక పిల్లను గూడ పంపేటోళ్లు. ఆ పిల్ల దొరసాని తల దువ్వాలె, కాళ్లొత్తాలె. దొర పిలిస్తే పోవాలె. పోతే దొరసాని కొడ్తది, పోకుంటే దొర కొడ్తడు. సిపాసిస్ మన గడీల ఆడబాపనే.

మరి కొండాపూర్ దిబ్బ కింద ఉన్న మన రాజుల సంగతి? అగస్టస్‌కు అటు ఇటుగ దక్కన్ ఏలిన శాతవాహనులల్ల హాలుడు అనే రాజు ప్రాకృతంల ఏడు వందల గాథలు ఏర్చి కూర్చిండు అంటరు. గాథాసప్తశతి. తర్వాత కాలపు గాథలు గూడ అండ్ల కలిసినయి. కొన్ని ఆడోళ్లు చెప్పినయని పాత వ్యాఖ్యాతలు పేర్లిచ్చిండ్రు. శ్రీనాథుడు మీసాలు మొలిచే వయసుల దీన్ని తెలుగు చేసిన అని చెప్పుకున్నడు గాని ఆ పుస్తకం దొరకలేదు. తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని గాథలు తెలుగుల రాసిండు.

ఈ పుస్తకం నాకు ఇష్టం. ఎందుకు దాచాలె. దేవతలు తక్కువ, దున్నేటోళ్లు ఎక్కువ. గోదావరి మాటిమాటికి వస్తది, మన మంజీర పోయి కలిసేది ఆ గోదావరిలనే గదా. "అత్త" అనే మాట మనం ఇంట్ల అన్నట్టే ఉంటది. ఒక గాథల పత్తిచేను మొదటి దుక్కి నాడు ఒకామె నాగలికి బొట్టు పెడుతుంటది. చెయ్యి వణుకుతది. ఎందుకు? చేను మనిషెత్తు ఎదిగినంక అండ్ల కలుసుకోవచ్చని ఆమె మనసుల అప్పుడే లెక్క నడుస్తున్నది! ఇంకో దాంట్ల పంట కోతకు వస్తే ఒక పిల్ల ఏడుస్తది, దాపు పోయిందని. మరొక దాంట్ల ఇంటికొచ్చిన బాటసారికి కోడలు పడకలు చూపిస్తది, అత్త ఎక్కడ పండుకుంటదో, తానెక్కడో, పగటి పూటనే మంచిగ చూసుకో, రాత్రి తడుముకుంట వచ్చి మా మీద పడొద్దు అని. అత్తకు అది జాగ్రత్త మాట, బాటసారికి పిలుపు. (అవ్వలు నవ్వుతున్నరు. నవ్వండి, రెండు వేల ఏండ్ల ముచ్చట అది.) ఇండ్ల ఆడది కావాలె అంటది, వద్దు అంటది. అందుకే ఇది కొంత మన పుస్తకం అంట. కొంతనే. ఏరింది రాజు. ఏది ఉంచిండో చూస్తున్నం, ఏది పారేసిండో మనకు తెల్వదు.

పారేసిన ముక్క ఇంకో చోట దొరికింది. అందరికీ పేరు తెలిసిన పుస్తకమే, వాత్స్యాయనుని కామసూత్రం. మూడో శతాబ్దం ప్రాంతందంటరు. బొమ్మలేసి అమ్ముతరు గాని లోపల ఏమున్నదో సదివేటోళ్లు తక్కువ. ఐదో భాగంల ఐదో అధ్యాయం తీయండి. పెద్దోళ్లు పరాయి ఆడోళ్లను ఎట్ల పొందాలె అనే లెక్క. ఊరి పెద్ద, అధికారి, దుక్కి మీద పెత్తనం చేసేటోని కొడుకు, వీళ్లకు ఊర్ల ఆడోళ్లు ఒక్క మాటకే దొరుకుతరట. ఎప్పుడు? అది గూడ వరుసగ రాసిండు: వాళ్లు విష్టి పనికి వచ్చినప్పుడు, ధాన్యం కొట్టుల పోసేటప్పుడు, సామాను లోపలికి బయటికి మోసేటప్పుడు, ఇల్లు బాగుచేసేటప్పుడు, పొలం పనిల, పత్తి ఉన్ని తీసుకపోయి నూలు తెచ్చి ఇచ్చేటప్పుడు.

విష్టి అంటే తెలుసా? వెట్టి. ఆ మాటనే మన నోట్ల వెట్టి అయింది. మీ తాతలు చేసిన వెట్టి, పటేలింటికి పోయి మీ అవ్వలు దంచిన వడ్లు, అలికిన వాకిలి, పదిహేడు వందల ఏండ్ల కింద కామశాస్త్రంల ఆడది దొరికే జాగలుగ లెక్క రాసి ఉన్నయి. ఇంకా కిందికి పోతే రాజుల సంగతి. ఆంధ్రుల ఆచారం అని చెప్పి రాసిండు, కొత్తగ పెండ్లయిన ఊరి పిల్లలు పదో నాడు ఏదో ఒక కానుక పట్టుకొని రాజు అంతఃపురానికి పోతరు, రాజు అనుభవించి పంపుతడు అని. గాథలల్ల పత్తిచేన్ల మనసుపడ్డ పిల్ల, ఇక్కడ పత్తి ఏరను పోయి దొరికిపోయిన పిల్ల, ఇద్దరూ ఒక్క ఊరోళ్లే కావచ్చు. పద్యంల పడ్డది ఒకటి, సూత్రంల పడ్డది ఒకటి.

ఇది మన దేశపు పాపమే అనుకోవద్దు. ఫ్రాన్సు దేశంల 12వ శతాబ్దం ఆఖరుకు ఆంద్రియాస్ అనే మతగురువు ప్రేమ మీద పెద్ద పుస్తకం రాసిండు. ఏ అంతస్తు మగోడు ఏ అంతస్తు ఆడదానితోని ఎట్ల మాట్లాడాలె, ఎంత వినయంగ అడగాలె, పేజీలకు పేజీలు. సేద్యగాళ్ల దగ్గరికొచ్చే సరికి ఒక్క చిన్న అధ్యాయం. వాళ్లు పశువుల లెక్క కలుస్తరు, ప్రేమ వాళ్లకు రాదు, నేర్పొద్దు గూడ, నేర్పుతే పొలం పని చెడుతది అంటడు. ఒకవేళ సేద్యగాళ్ల ఆడదాని మీద నీకు మనసైతే, నాలుగు పొగడ్తలు చెప్పి, అనువైన జాగ దొరకంగనే కొంచెం బలవంతం చేసినా ఫరవాలేదు అని రాసిండు. దొరసానికైతే వినయం, కూలిదానికైతే బలవంతం. అదే దేశంల అదే శతాబ్దంల మార్కబ్రూ అనే పాటగాడు మాత్రం వేరే తీరు పాట కట్టిండు. గొర్లు కాసే పిల్లను ఒక పెద్దమనిషి దారిల ఆపి తీపి మాటలు చెప్తే, ఆ పిల్ల మాటకు మాట అప్పజెప్పి ఆయన్ను ఉత్త చేతులతోని పంపుతది. గొర్లకాపరి పిల్ల "వద్దు"కు అంత పొడుగు పాట ఉండుడు నాకు సంబురమనిపించింది.

ఆ ఫ్రాన్సు మతగురువు పుస్తకం రాయడానికి కొన్నేండ్ల ముందే ఇక్కడ మనకు దగ్గర్ల ఒక పెండ్లి జరిగింది. మనకు ఒక దిక్కు జహీరాబాద్, ఒక దిక్కు బీదర్. బీదర్ దాటి ముందుకు పోతే బసవకల్యాణం. పన్నెండో శతాబ్దంల బిజ్జలుడు అనే కలచురి రాజు దాన్ని ఏలుతున్నడు. బసవన్న ఆయన దగ్గర భాండాగారం చూసే అధికారి. పుట్టుకకు బ్రాహ్మడు, జంధ్యం వదిలిండు. ఆయన చుట్టు చేరినోళ్లల్ల డోహర కక్కయ్య ఉన్నడు, చెప్పులు కుట్టే సమగార హరళయ్య ఉన్నడు, ఆయన భార్య కల్యాణమ్మ ఉన్నది. మధువరసు అనే బ్రాహ్మడు గూడ శరణుడయ్యిండు. హరళయ్య కొడుక్కు మధువరసు బిడ్డనిచ్చి పెండ్లి చేసిండ్రు. చెప్పులు కుట్టేటోని ఇంటికి బ్రాహ్మణ పిల్ల కోడలు. అంతే, కల్యాణం అంటుకున్నది. ధర్మం చెడ్డదని పెద్దకులపోళ్లు రాజు చెవుల వేసిండ్రు. బిజ్జలుడు ఇద్దరు తండ్రుల కండ్లు పీకించి, ఏనుగు కాళ్లకు కట్టి ఊరంతా ఈడ్పించి చంపించిండు అని కథ. 1167 ప్రాంతం అది. బిజ్జలుడు గూడ హత్యకు గురయ్యిండు, శరణులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిండ్రు.

మన తెలుగుల పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంల బసవపురాణం రాసిండు, జనం పాడుకునే ద్విపదల. భక్తుల కండ్లు పీకించిన సంగతి అండ్ల ఉన్నది. పెండ్లి ముచ్చట విప్పి చెప్పింది తర్వాత వచ్చిన కన్నడ కథలు. ఇక్కడ మీ ఇండ్లల్ల హరళయ్య పేరు చెప్తే ఏ కథ గుర్తొస్తది? తన తొడ చర్మం, భార్య తొడ చర్మం తీసి బసవన్నకు చెప్పులు కుట్టిన కథ. అవునా? అందరికీ వచ్చు. కొడుకు పెండ్లి కథ ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. ... నలుగురు. మాదిగాయన చర్మం వొలిచి ఇచ్చిన కథ ఊరూరికి పాకింది, మాదిగాయన కోడల్ని తెచ్చుకున్న కథ పాకలేదు. ఎవరికి ఏ కథ నచ్చుతదో మీరే చూసుకోండి.

నన్ను ఇంకోటి పీడిస్తది. ఆ పెండ్లికొడుకు, పెండ్లికూతురు. వాళ్ల పేర్లు గూడ కథకొక తీరుగ ఉంటయి. వాళ్లు ఒకరినొకరు ముందే చూసుకున్నరా? ఇష్టపడ్డరా? ఆ పిల్ల అవునన్నదా? తండ్రులను చంపినంక వాళ్లు ఎటు పోయిండ్రు? వరూధిని చూపు మీద, రాజుల విరహం మీద ఎన్ని వందల పద్యాలు. ఈ దక్కన్ల కులం గోడ దాటిన ఆ ఇద్దరి మనసు మీద ఒక్క పాత పద్యం నాకు దొరకలేదు. మిర్యాలగూడ వార్త సదివిన నాడు నాకు యాదికొచ్చింది వీళ్లే. ఎనిమిది వందల యాభై ఏండ్లు. అప్పుడు రాజు చంపించిండు, ఇప్పుడు ఇంటోళ్లే చంపిస్తున్నరు, రాజుకు పని తగ్గింది.

ఆ శరణులల్లనే అక్కమహాదేవి "వద్దు" అన్నది. కౌశికుడు అనే రాజు వెంటపడ్డడు, ఆమె మహల్ విడిచి, బట్టలు విడిచి, నా మొగుడు చెన్నమల్లికార్జునుడే అని కల్యాణం వచ్చి అక్కడినుంచి శ్రీశైలం పోయింది అని చెప్తరు. ఆమె వచనాలల్ల కోరిక దాపరికం లేకుండ ఉంటది. దేవుని మీద అయితేనేమి, కోరిక ఆమెది, మాట ఆమెది. ఉరిలింగపెద్ది భార్య కాళవ్వ, అంటరాని కులం ఆడమనిషి, ఆమె గూడ వచనాలు రాసింది. ఎనిమిది వందల ఏండ్ల కింద మన ఆడిబిడ్డ కలం పట్టింది. ఇది బడి పిల్లలకు చెప్పాలె.

తర్వాతి తెలుగు కావ్యాల గురించి చాన చెప్ప. 15వ శతాబ్దం క్రీడాభిరామంల ఇద్దరు దోస్తులు ఓరుగల్లు వీధులల్ల తిరుగుతరు, ఒక బ్రాహ్మడు, ఒక శెట్టి. కులానికో ఆడదాన్ని చూసి వర్ణిస్తరు. చరిత్రకు మంచిగ పనికొస్తది, వీధులు, తిండి, ఆటలు అన్నీ ఉన్నయి. కానీ చూసేది ఎప్పుడూ వాళ్లే. తంజావూరుల 18వ శతాబ్దంల ముద్దుపళని అనే వేశ్య రాధికాసాంత్వనం రాసి ఆడదాని కోరికను ఆడది రాసింది. బెంగళూరు నాగరత్నమ్మ 1910ల దాన్ని పూర్తిగ అచ్చేస్తే బూతు అని సర్కారు నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే కాలం దాక అది ఎత్తలేదు. మగోళ్లు రాసిన ఇదే అసువంటి పుస్తకాలు మాత్రం పాఠాలయినయి. కొలువులల్ల వేశ్యలు పాడిన పదాలు సంగీతమయినయి, ఊర్లల్ల మన పిల్లలను దేవత పేరు మీద జోగిని చేసి ఊరికి ఒప్పజెప్పుడు ఆచారమయింది. దాని మీద నిషేధ చట్టం వచ్చింది 1988ల. జోగిని నోట ప్రేమ కావ్యం ఎవరు రాయించిండ్రు?

ఇగ మా తెలుగు సారు మాటకొస్త. మీ దగ్గర పాటలుంటయి అన్నడు. ఆయన ఎక్కిరించిండు గాని అది నిజం. మన కావ్యం నాట్లల్ల ఉన్నది, జొన్న కోతల ఉన్నది, ఇసుర్రాయి కాడ ఉన్నది. మొగుని మీద అలిగిన పాట, మరిదిని ఆటపట్టించిన పాట, బొంబాయి పోయి రాని మనిషి కోసం పాడిన పాట. ఆడోళ్లే ఉన్నప్పుడు పాడేటివి, మగోళ్లు రాంగనే ఆపేసేటివి గూడ ఉన్నయి, నేను చిన్నప్పుడు చీర కొంగు చాటునుంచి విన్న. ఇక్కడికి దగ్గర్ల మాచ్‌నూర్ల 2008ల సంఘం రేడియో మొదలైంది. మైకు పట్టింది వాడ ఆడోళ్లే. అట్ల రికార్డయినయి కొన్ని. మిగిలినయి ఈ అవ్వలతోనే పోతయి.

కార్యకర్తలకు రెండు పనులు చెప్త. ఒకటి, సెల్‌ఫోన్లు అందరి దగ్గర ఉన్నయి. ప్రతి అవ్వ దగ్గర కూసోని పాటలు రికార్డు చేయండి. అలుగుడు పాటలు, సరసం పాటలు, సిగ్గుపడి దాచుకున్నయి. అవ్వ పేరు, ఊరు రాసి పెట్టండి. హాలుడు ఏరినట్టు ఏరొద్దు, అన్నీ పెట్టండి. రెండోది, ఏ జంట అన్న మీ దగ్గరికొస్తే ముందు నీతులు చెప్పొద్దు. పిల్ల వయసు పద్దెనిమిది, పిల్లగాని వయసు ఇరవై ఒకటి నిండినయా చూడండి. పిల్లను ఒంటిగ కూసోబెట్టి అడగండి, నీ ఇష్టమేనా అని. మన వాడ పిల్లగాడైనా సరే, మనోడే గదా అని ఆ ప్రశ్న ఎగ్గొట్టొద్దు. మాల మాదిగల నడుమ ప్రేమ వచ్చినా మనోళ్లే కర్రలు పట్టిన ఊర్లున్నయి, అది గూడ ఇక్కడనే ఒప్పుకోవాలె. 2018 మార్చిల సుప్రీంకోర్టు చెప్పింది, ఇసువంటి జంటలకు పోలీసులు రక్షణ ఇయ్యాలె, ఉండడానికి జాగ చూపాలె అని. ఆ కాగితం తీసుకొని ఠాణాకు పోండి, ఒక్కరు కాదు, పదిమంది పోండి.

కాకా, నీ ప్రశ్నకు జవాబు వచ్చిందో రాలేదో ఇంటికి పోయినంక చెప్పు.

చివరి ముచ్చట. కొండాపూర్ మ్యూజియం, బసవకల్యాణం, రెండూ చూసొద్దామని పిల్లలు అడుగుతున్నరు. ఒక్కరోజుల రెండూ కావు, ఒకటి ఇటు, ఒకటి అటు. ముందు కొండాపూర్ పోదాం. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటది, అందుకని ఆదివారం పెట్టుకుందాం. బండి కిరాయి అందరం వేసుకుందాం, బడి పిల్లలకు వద్దు. కల్యాణం పోయేటప్పుడు మాత్రం కన్నడ సదవొచ్చేటోళ్లు ఇద్దరన్న ఉండాలె. పేర్లు ఇప్పుడే రాయించండి. అవ్వలవి ముందు రాయండి.